ఆవిరి పిలుచుకొచ్చినవాడు

శనివారం వచ్చిందంటే సిన్నేవ పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టేది. డబ్బాలో వచ్చే చిక్కటి బార్లీ పాకాన్ని నీళ్ళలో కలిపి, మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసేది. తాగినవాళ్ళు బీరు బాగుందనేవారు. ఆవిరి మాత్రం వంటింటి కిటికీ అద్దానికి అంటుకుని అక్కడే కూర్చునేది.

"దానికి కాళ్ళు లేవే పిల్లా," అనేది నాయనమ్మ గుద్వేయ్. "డబ్బా పాకానికి ఎక్కడినుంచి వస్తాయి?"

అప్పటికింకా మా ఫ్యోర్డు మీద, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఆ సముద్రపు పాయ మీద, వంతెన రాలేదు. నీళ్ళ వాసన, డీజిల్ వాసన కలిసి ఊళ్ళోకి వచ్చే రోజులవి. పెళ్ళికాని పిల్ల గింజలతో మొదటిసారి సరిగ్గా బీరు కాస్తే, ఆవిరి గుమ్మం దిగి, దారిన పడి వెళ్ళి, ఆ పిల్ల మనసులో ఉన్నవాణ్ణి చొక్కా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. వచ్చినవాడు తొలి రసం తాగేవాడు. సిన్నేవ వాళ్ళ తాతయ్యా అలాగే వచ్చాడు, గడ్డి ఎత్తే పంగలకర్ర చేతిలో ఉండగానే.

సిన్నేవ మనసులో ఉన్నది ఐవిన్. కార్లనీ మనుషుల్నీ అవతలి ఒడ్డుకి దాటించే ఫెర్రీ పడవలో టికెట్లు కొట్టేవాడు. "ఒకవైపేనా, రానూపోనూనా?" అని అతను అడిగితే చాలు, ఆ పిల్లకి వారమంతా వెన్నెలే. నెలాఖరుకి అతను బెర్గెన్‌లో పెద్ద ఓడ మీద పనికి పోతున్నాడు.

"నోరు తెరిచి చెప్పొచ్చుగా," అంది నాయనమ్మ.

"ఎదురుగా నిలబడితే ఏ ఊరు వెళ్ళాలో కూడా మర్చిపోతున్నాను. ఇంకేం చెప్పను?"

అందుకే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ బస్తా తెచ్చుకుంది. డబ్బా పాకం అలవాటు కదా, సలసలా కాగే నీళ్ళు దంచిన గింజల మీద గుమ్మరించింది. జిగట గంజి మిగిలింది, తీపన్నదే లేదు. ఆవిరి గేటుదాకా వెళ్ళి, దాన్ని ఆనుకుని నిలబడి, తిరిగొచ్చేసింది.

"మీ ఆవిరికి ఒంట్లో బాలేదా?" అన్నాడు పక్కింటి ఒడ్వార్, ట్రాక్టర్ ఆపి.

"నీళ్ళలో వేలు ముంచి ఒక చుట్టు తిప్పగలగాలి. రెండో చుట్టు తిప్పలేకపోవాలి. అంత వేడి," అంది నాయనమ్మ.

రెండోసారి వేడి కుదిరింది గాని, గంగాళం అడుగు బెజ్జం మీద, రసం వడకట్టే జునిపర్ పొద కొమ్మలు పరవడం మరిచింది. పిండి బిగుసుకుపోయి చుక్క కిందికి దిగలేదు. ఆవిరి ఒడ్వార్ పశువుల కొట్టందాకా పోయి, ఆవు పక్కన పడుకుంది.

బస్తాలో ఒక్క కాపుకి సరిపడా గింజలు మిగిలాయి. ఫెర్రీలో ఐవిన్‌కి ఆ శనివారమే ఆఖరి రోజు. సిన్నేవ కొమ్మలు పరిచింది, వేలు కాల్చుకుంది, మూత పెట్టింది. రేవులో ఫెర్రీ కూత వినగానే గరిటె అందుకుని కలపబోయింది.

నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "కెలికావంటే మళ్ళీ బిగుస్తుంది. దాని పాటికి దాన్ని దిగనివ్వు."

"ఈలోగా పడవ వెళ్ళిపోతుంది నాయనమ్మా."

"వెళ్తే వెళ్తుంది. గింజలకి పడవలు తెలీవు."

సిన్నేవ గరిటె కింద పెట్టి, ఏడుపు ఆపుకుంటూ కూర్చుంది. కాసేపటికి తేనెరంగు రసం సన్నటి దారంలా దిగింది. ఆవిరి లేచి, ఒళ్ళు విరుచుకుని, బయటికి నడిచింది. రేవు దగ్గర ఫెర్రీ కోసం వరసలో ఉన్నవాళ్ళు కార్లు కాస్త పక్కకి తీసి దారిచ్చారు.

ఐవిన్ గుమ్మంలో నిలబడ్డాడు. మోచేతిదాకా చొక్కా తడిసిపోయింది.

"వస్తానంటే కూడా లాగుతోందండీ మీ ఆవిరి," అన్నాడు.

సిన్నేవ చెక్క గిన్నెలో తొలి రసం పట్టి అందించింది. అతను గిన్నె ఎత్తి అడుగుదాకా తాగాడు. రేవులో కూత మళ్ళీ మోగింది.

"మీరు వెళ్ళాలేమో," అంది సిన్నేవ.

"వెళ్ళాలి," అంటూ ఐవిన్ టోపీ తీసి బల్ల మీద పెట్టి, గిన్నె మళ్ళీ చాపాడు.

ఆ సాయంత్రం ఫెర్రీ టికెట్లు కొట్టేవాడు లేకుండానే కదిలింది. టికెట్ డబ్బులు అక్కర్లేదు కదా అని ఒడ్వార్ పనేమీ లేకపోయినా అవతలి ఒడ్డుకి వెళ్ళొచ్చాడు. సోమవారం పొద్దున బెర్గెన్‌లో పెద్ద ఓడ కూడా ఒక మనిషి తక్కువగానే బయల్దేరింది.