పగిలిన మెట్టు

మీకు స్విచ్చు నొక్కితే ఫ్యాను తిరగాలి. తిరిగిందా, ఇక మీరేమీ అడగరు. ఆ కరెంటు ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరి చేతులు కాయలు కాస్తే వచ్చింది, దాని కోసం ఎవరింట్లో పొయ్యి ఆరింది అని ఒక్కపూటైనా అడిగారా? తిరగకపోతే మాత్రం ఊరంతా వినేలా గొంతు చించుకుంటారు. అడగాల్సిన చోట మూసుకున్న మీ నోరే ఒక దొంగకి అన్నాళ్ళూ గొడుగు పట్టింది. కాలక్షేపానికి చెప్పడం లేదు నేను. సిగ్గుపడతారేమోనని చెబుతున్నాను. వినండి.

ఆ రిజర్వాయరు దగ్గర పొద్దు ప్యానెళ్ళు కడగడంతో మొదలయ్యేది. నీళ్ళ మీద ప్లాస్టిక్ తెప్పలు, తెప్పల మీద వరసలు వరసలుగా సోలార్ ప్యానెళ్ళు. రాత్రంతా పక్షులు వాటి మీద కూర్చుని చేయాల్సింది చేసి పోయేవి. తెల్లారేసరికి ఆడవాళ్ళు పడవెక్కి, పొడుగు కర్రల బ్రష్షులతో రుద్ది కడిగేవారు. ఎండ ముదరకముందే పని ముగించాలి. కాలిన అద్దం మీద చల్లటి నీళ్ళు పడితే అద్దం చిట్లుతుంది. ఆ ఆడవాళ్ళలో పెద్దది అక్క. ఆమె తమ్ముడు అక్కా అని పిలిచేవాడు కాబట్టి అందరికీ అక్కే అయింది.

ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ళు కరెంటు ఇచ్చేవి, నీళ్ళు ఆనకట్ట వెనక విశ్రాంతి తీసుకునేవి. పొద్దు వాలాక గేట్లు తెరిస్తే నీళ్ళు దూకి టర్బైన్లు తిప్పేవి. ఎండా నీళ్ళూ వంతులేసుకుని ఇల్లు నడిపే తోడికోడళ్ళలాగా పనిచేసేవి. నీళ్ళు ఎక్కితే తెప్పల్ని గట్టుకి కట్టిన మోకులు వదలాలి, దిగితే లాగాలి. ఆ పని అక్క మొగుడిది. ఆయన్ని అందరూ మోకులాయన అనేవారు. ఆయనకి సాయం అక్క తమ్ముడు. ఒక్కచోట నిలబడడు కాబట్టి వాడి పేరు బొంగరం.

ఇక ఆ నీళ్ళ సంగతి. ఆ నీళ్ళ మీద అన్న మాట ఎక్కడికీ పోదు. పడవలో గానీ తెప్ప మీద గానీ నిలబడి ఎవరేమన్నా, అప్పుడు నీళ్ళు రేవులో ఏ మెట్టు దగ్గరున్నాయో, మళ్ళీ ఆ మెట్టు దగ్గరికి వచ్చినప్పుడు ఆ మాట వినిపిస్తుంది. అందుకే రేవులో ఎప్పుడూ పాత మాటల గొణుగుడు ఉండేది. ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు. వేరేచోట నిలవని మాటని నీటి మీద రాత అంటారని విని అక్కడివాళ్ళు నవ్వేవారు. "ఏ మెట్టు మాట ఆ మెట్టుకే" అనేది అక్కడి సామెత. మంగలాయన ఒకసారి పడవలో పోతూ "మా అత్తది నోరు కాదు, టర్బైను" అన్నాడు. ఏటా నీళ్ళు ఆ మెట్టుకి వచ్చేనాటికి అత్తగారు పీట తెచ్చుకుని రేవులో కూర్చునేది. ఆ రోజు మంగలాయనకి పొరుగూళ్ళో ఎక్కడలేని పనీ వచ్చిపడేది.

ఒక ఏడు వానల్లో వరద వచ్చింది. రేవులో పగిలిన మెట్టు ఒకటుంది, నీళ్ళు దాన్ని కూడా దాటి పైకి ఎక్కాయి. మోకులు వదలలేదు. బిగుసుకుని బిగుసుకుని మధ్య మోకు తెగింది. తెగిన మోకు బొంగరాన్ని కొట్టింది. వాడు నీళ్ళలో పడ్డాడు, తెప్పల వరస వాడి మీదికి జరిగింది. ఈత రాక కాదు వాడు పోయింది. పైకి రావడానికి ప్యానెళ్ళ మధ్య సందు దొరకలేదు.

ప్యానెళ్ళకీ టర్బైన్లకీ కలిపి ఒక్కడే అధికారి. పెద్దసారు. విచారణకి వచ్చిన కళ్ళజోడాయన ముందు ఆయన తడబడకుండా చెప్పాడు. "మోకులు వదలమని తెప్ప మీద నిలబడి నేనే చెప్పాను. మోకులాయన బద్ధకించాడు. పాపం, బావమరిది ప్రాణం పోయింది."

"లేదు సార్! నీళ్ళు పగిలిన మెట్టు దగ్గరున్నప్పుడు మీరే వద్దన్నారు!" అన్నాడు మోకులాయన.

"నీళ్ళు పగిలిన మెట్టుకి దిగినప్పుడు విని తేలుస్తాం" అన్నాడు కళ్ళజోడాయన, కాగితాలు మడుస్తూ. "వచ్చే వానల్లోగా దిగకపోతే ఉన్న వాంగ్మూలం మీదే ఫైలు మూసేస్తాం. అంతవరకూ ఇతను పనిలోకి రాకూడదు."

"నేనూ అదే కోరుకుంటున్నాను. నీళ్ళే చెబుతాయి" అన్నాడు పెద్దసారు. ఆ మాట ఆఫీసు గదిలో అన్నాడు, నీళ్ళ మీద కాదు.

ఏటా ఎండాకాలం మొదట్లోనే పగిలిన మెట్టు బయటపడేది. మరుసటేడు పడలేదు. పెద్దసారు టర్బైన్లు దాదాపు ఆపేశాడు. పైనుంచి ఎన్ని నీళ్ళు వస్తే అన్నే వదిలాడు, చుక్క ఎక్కువ పోనివ్వలేదు. పగలంతా ప్యానెళ్ళే. రోజూ పొద్దున్నే వచ్చి ముందు మెట్ల వైపు చూసేవాడు, తర్వాత ప్యానెళ్ళ వైపు. "మెరవాలి! మొహం చూసుకునేలా మెరవాలి!" అని గట్టు మీంచి అరిచేవాడు. నీళ్ళు కాపాడిన మహానుభావుడని పట్నంలో శాలువా కప్పారు. కప్పినవాళ్ళలో ఒక్కరైనా దిగువ కాలవ ఎందుకు ఎండిందని అడగలేదు. మీరూ చప్పట్లు కొట్టే ఉంటారు.

అక్క ఇల్లు ఒకే గది. ఒక గోడకి తల్లి మంచం, ఇంకో గోడకి మొగుడి చాప. తల్లి తన కొడుకు పోయిన దగ్గర్నించీ అల్లుణ్ణి అల్లుడూ అనలేదు. "ఏమే, ఆ మోకులాయన తింటాడేమో కనుక్కో" అనేది, మూడడుగుల దూరంలో కూర్చున్న మనిషిని గురించి. ఆయన మొదట్లో వాదించాడు, తర్వాత తగ్గాడు, తర్వాత మానేశాడు. ఒకరోజు గోడకి జారబడి అన్నాడు.

"ఏమోనే. ఆయన వదలమనే అన్నాడేమో. నాకే సరిగ్గా వినపడలేదేమో. ఇంతమంది అంటున్నారు కదా."

అక్కకి పెద్దసారు మీద మండిపోయింది. ఉద్యోగం లాక్కున్నాడు, సరే. మనిషి తలలోకి చెయ్యి పెట్టి వాడి జ్ఞాపకాన్ని కూడా లాక్కుంటాడా? దొంగతనాల్లో ఇంతకంటే నీచమైనది ఉందా?

వానలు దగ్గర పడుతుండగా దిగువ నించి పాలామె వచ్చింది. గిన్నెలో పోసిన పాలు ఎప్పటికంటే తక్కువగా ఉన్నాయి.

"గడ్డి లేదమ్మా, పాలెక్కణ్ణించి వస్తాయి? మా కాలవలో కప్పలు కూడా వలసపోయాయి. ఇక్కడేమో నీళ్ళు అంచుదాకా పెట్టుకున్నారు. మీ సారు నీళ్ళు దాస్తున్నాడా, శవాన్ని దాస్తున్నాడా?"

మంచం మీద అటు తిరిగి పడుకున్న తల్లి ఇటు తిరిగింది.

"మాటని దాస్తున్నాడు" అంది.

పాలామె వెళ్ళిపోయాక తల్లి లేచి కూర్చుంది. "అమ్మాయ్, ప్యానెళ్ళు కడక్కపోతే ఏమవుతుంది?"

"కరెంటు రాదు."

"రాకపోతే?"

"ఊరు అరుస్తుంది. టర్బైన్లు తిప్పాల్సొస్తుంది. నీళ్ళు..." అక్క ఆగిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ ఎవరి కోసం కడుగుతున్నావే?"

చాప మీంచి మోకులాయన అన్నాడు. "వద్దే. కడుగు. నాకు భయంగా ఉంది. నిజంగా నాదే తప్పని తేలితే?"

కొడుకు పోయాక మొదటిసారి తల్లి ఆయన వైపు సూటిగా చూసింది. "తప్పు నీదైతే అదీ వింటాను. నాకు వాడి గొంతు కావాలి. అందరూ వాళ్ళవాళ్ళ చచ్చిపోయినవాళ్ళ మాటలు ఆ రేవులో కూర్చుని వింటున్నారు. నా పిల్లాడు ఆపాటికి నోచుకోలేదా?"

ఆ రాత్రి అక్క నిద్రపోలేదు. ఇన్నేళ్ళలో ఒక్క ప్యానెల్ మురికిగా వదిలిన మనిషి కాదు. పని ఎగ్గొట్టడం పాపమని నమ్మిన మనిషి. మొగుడి తప్పే తేలితే తల్లి ఈ గదిలో ఉండదని, ఉండమని తను అనలేనని కూడా తెలుసు. అయినా తెల్లారాక పడవెక్కి, తెప్ప మీద నిలబడి, అందరూ చూస్తుండగా బ్రష్షు కింద పెట్టింది. దొంగచాటుగా మురికి వదలడం ఆమెకి చేతకాదు.

పెద్దసారు పడవ వేసుకుని గబగబా వచ్చాడు. తెప్పకి ఆనుకున్నాక, నోరు తెరిచి, మూశాడు. గట్టు వైపు చెయ్యి ఊపాడు.

"ఏంటి సార్, గట్టుకి రమ్మంటారా? ఎందుకు, ఇక్కడే చెప్పండి" అంది అక్క.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ గట్టు చూపించాడు.

"నేను చెప్పేది ఇక్కడే చెబుతున్నాను సార్, నీళ్ళు వినేలా. పగిలిన మెట్టు బయటపడేదాకా మేం కడగం. మీరు చెప్పేదేదో మీరూ చెప్పండి. 'మోకులు వదలమన్నాను' అని ఇంకోసారి అనండి. ఒక్కమాటేగా."

పెద్దసారు పెదవులు బిగించి కూర్చున్నాడు. చెమట చుబుకం మీంచి జారి నీళ్ళలో పడింది. ఆయన తిట్టి ఉంటే ఆడవాళ్ళు భయపడేవారేమో. ఆ మూసిన నోరు చూశాక ఎవరికీ ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. పక్క తెప్ప మీది మనిషి బ్రష్షు కింద పెట్టింది. తర్వాత ఆమె పక్కది. కర్రలు తెప్పల మీద పడుతున్న చప్పుడు వరస చివరిదాకా పోయింది.

"అమ్మో, సారుగారికి పళ్ళునొప్పి కాబోలు" అంది ఎవరో వెనకనించి. పడవ నడిపేవాడు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు.

పక్షులు తమ పని మానలేదు. నాలుగు రోజుల్లో ప్యానెళ్ళు సున్నం కొట్టినట్టయ్యాయి. పెద్దసారు ఆగలేక, కాపలావాణ్ణి వెంటేసుకుని, మండుటెండలో తనే గొట్టం పట్టుకుని కడగబోయాడు. నడినెత్తిన సూర్యుడు, కాలిపోతున్న అద్దాలు, వాటి మీద చల్లటి నీళ్ళు. ఒక వరసకి వరస టపటపా చిట్లింది. ఏళ్ళ తరబడి ఆ ఆడవాళ్ళు పొద్దున్నే ఎందుకు కడుగుతున్నారో ఒక్కసారి కూడా అడగని మనిషికి అంతకంటే ఏం జరుగుతుంది?

ఆ మధ్యాహ్నమే పట్నంలో ఫ్యాన్లు ఆగాయి. అప్పుడు లేచాయి మీ గొంతులు. పైనుంచి ఫోను వచ్చింది, టర్బైన్లన్నీ తిప్పమని. గేట్లు తెరుచుకున్నాయి. నీళ్ళు దిగాయి, దిగువ కాలవలో పారాయి. మర్నాడు పొద్దు వాలే వేళకి పగిలిన మెట్టు అంచు తడితడిగా పైకి తేలింది.

రేవంతా జనం. కళ్ళజోడాయన పై మెట్టు మీద కుర్చీ వేయించుకున్నాడు. పెద్దసారు భార్య కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. తన మొగుడి మీద పడ్డ నింద ఈరోజుతో పోతుందని ఆమె నమ్మకం. పెద్దసారు ఆమెని ఆపలేకపోయాడు, ఏమని ఆపుతాడు? మోకులాయన రాను పొమ్మన్నాడు. అక్క చెయ్యి పట్టి లాక్కొచ్చింది. తల్లి అందరికంటే కింద, పగిలిన మెట్టు మీదే కూర్చుంది, పాదాలు నీళ్ళలో పెట్టుకుని.

ముందు ఈల వినిపించింది. వాడి ఈలే. తల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది.

తర్వాత మోకులాయన గొంతు. "సార్, నీళ్ళు పెరుగుతున్నాయి. మోకులు వదులుతాను."

"వద్దు." పెద్దసారు గొంతు, స్పష్టంగా. "రేపు పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. వదిలితే వరసలు వంకరపోతాయి. ఫోటోలో నా పరువు పోతుంది. నేను చెప్పేదాకా ముడి ముట్టుకోవద్దు."

"తెగిపోతాయి సార్. మనుషులున్నారు."

"తెగితే నేను చూసుకుంటాను. ఎదురు చెప్పావంటే రేపట్నించి రాకు."

"పోనీలే బావా, సారు చూసుకుంటాడట." ఇది బొంగరం. "నువ్వు గట్టు మోకు కనిపెట్టుకుని ఉండు, మధ్యది నేను చూసొస్తా. మా అమ్మకి చెప్పు, ఆకలి దంచేస్తోందని. ఇదిగో, వచ్చేస్తున్నా."

నీళ్ళు మెట్టు దాటి కిందికి పోయాయి. కళ్ళజోడాయన విన్నదంతా కాగితం మీద రాసుకున్నాడు. పెద్దసారు భార్య మొగుడి వైపు తిరిగి ఒక్కటే అడిగింది. "ఫోటో కోసమా?"



ఆ పూట అక్క ఇంట్లో తల్లి తనే పొయ్యి వెలిగించింది. కంచంలో వడ్డించి, చాప దగ్గరికి తీసుకెళ్ళి, కింద కూర్చుంది.

"లే అల్లుడూ. రెండు ముద్దలు తిను" అంది. "వాడికి ఆకలేస్తోందని అప్పుడే నాకు చెప్పి ఉండాల్సింది నువ్వు."

"చెప్పే మొహం లేకపోయింది అత్తా" అన్నాడు మోకులాయన, వెక్కుతూ. వానలు రాకముందే ఆయన మళ్ళీ మోకుల దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడు ముడి వదలడానికి ఎవరి అనుమతీ అడగడు.

పెద్దసారు ఉద్యోగం పోయింది. కోర్టు శిక్ష వేసింది, అనుభవించి వచ్చాడు. అంతటితో చెల్లిపోయిందనుకుంటున్నారా? అబద్ధానికి అసలు ధర కోర్టులో కట్టేది కాదు. ఆయన కొట్టుకెళ్ళి డబ్బులు రేపు ఇస్తానని సబ్బు అడిగితే, కొట్టువాడు "పడవెక్కి చెప్పి రండి, ఇస్తాను" అనేవాడు. పక్కింటివాళ్ళు, ఆటోవాడు, డాక్టరు దగ్గర మందులిచ్చే అమ్మాయి, అందరిదీ అదే మాట. కొన్నాళ్ళకి ఆయన బయట మాట్లాడటం మానేశాడు. ఇంట్లోనైనా మాట చెల్లుతుందనుకున్నాడు.

ఒక పొద్దున కూతురు బడికి బయల్దేరుతూ గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటోంది. మర్నాడు దానికి పరుగు పందెం. ఆయన వెనక నిలబడి, గొంతు సవరించుకుని అన్నాడు.

"రేపు నీ పందెం చూడ్డానికి తప్పకుండా వస్తాను తల్లీ."

పిల్ల బూటు తాడు ముడి బిగిస్తూ, తలెత్తకుండా, కోపం కూడా లేకుండా అంది.

"పడవెక్కి చెప్పు నాన్నా."