లేపేసిన పదో రీలు

దత్తాద్రిని నేను చచ్చినా క్షమించను. ఆ చావు కూడా దగ్గర్లోనే ఉంది. ఈ పాత ఇనుము దుకాణం వాడు పొద్దున్నుంచీ సమ్మెట పట్టుకుని నా చుట్టే తిరుగుతున్నాడు. వాడు వచ్చేలోగా చెప్పెయ్యాలి, వినండి.

నేను ఒక సినిమా ప్రొజెక్టర్ని. పుట్టింది బొంబాయి పక్కన ఒక కార్ఖానాలో. మొదట ఒక మరాఠీ ఆయన డేరా టాకీసులో ఊరూరా తిరిగాను. ఆయన చితికిపోయి అమ్మేస్తే బోధన్ బస్టాండు వెనకున్న టాకీసుకు చేరాను. అక్కడికొచ్చాక గోడకున్న చిన్న కంతలోంచి తప్ప లోకం చూడలేదు, బడి ముఖం అసలే చూడలేదు. అయినా మనుషులు నాకు తెలుసు. చీకట్లో వెక్కి వెక్కి ఏడ్చి, లైట్లు వెయ్యగానే కంట్లో నలక పడిందనే జాతి.

టాకీసు యజమాని గంగాకిషన్. దాన్ని మూసి ఫంక్షన్ హాలు కడదామని అన్నదమ్ములు పోరుతుంటే, ఒక్క పెద్ద సినిమా ఆడితే చాలు, నిలబడతానని పంతం పట్టాడు. పసుపు పండే భూమిని సేటు దగ్గర కుదువపెట్టి, బొంబాయిలో పడ్డ రోజే ఇక్కడా పడేట్టు 'వర్దీ కా హిసాబ్' అనే హిందీ పోలీసు సినిమా తెచ్చాడు. వారం ఆడితే భూమి తనది, ఆడకపోతే సేటుది.

సినిమా గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. తన్నులాటలు బాగున్నాయి. గాల్లో ఎగరడాలు లేవు, దెబ్బ తగిలితే ఇన్‌స్పెక్టరు గోడ పట్టుకుని లేచేవాడు. వానలో రైలు పట్టాల మధ్య దొంగను తరిమే రీలు నా పళ్ళచక్రాల మీద పోతుంటే నాకే ఒళ్ళు వేడెక్కేది. తప్పులకూ కరువు లేదు. బారులో ఆ పాట ఎందుకో తీసినవాడికే తెలియాలి. పిస్తోలులో గుండ్లు ఊటబావిలో నీళ్ళలా వస్తూనే ఉంటాయి. ఊరంతా గూండాల్ని పెట్టుకున్న విలను ఆఖర్న పాడుబడ్డ మిల్లుకు ఒక్కడే వస్తాడు, మొక్కు తీర్చుకోను వచ్చినట్టు.

ఇక పదో రీలు. అందులో పిస్తోలు లేదు, పాట లేదు. విలను చంపిన కానిస్టేబుల్ ఇంటికి ఇన్‌స్పెక్టరు వెళ్తాడు. ఆ ఇల్లాలు కంచం పెట్టి రొట్టె వేస్తుంది. "వాణ్ణి చంపకు సాబ్. కోర్టులో నిలబెట్టు. నా మొగుణ్ణి చంపానని వాడి నోటితో వాడు చెప్పాలి, నేను వినాలి" అంటుంది. ఆయన తలవంచుకుని రొట్టె తింటాడు. అందుకే ఆఖర్న విలను చేతికి చిక్కినా కాల్చడు, బేడీలు వేస్తాడు.

శుక్రవారం హాలు నిండింది. పదో రీలు రాగానే సగం మంది బీడీలకు లేచారు. లేవనివాళ్ళలో ఊరి ఠాణా జమేదారు పోచెట్టి ఒకడు. ఆట అయ్యాక కళ్ళు తుడుచుకుంటూ గంగాకిషన్ దగ్గరికి వచ్చాడు.

"గంగన్నా, ఐతారం మా పోలీసు లైనోళ్ళను పిల్లాజెల్లాతోని తోల్కొస్త. బాల్కనీ నాకే ఉంచు. ఆ రొట్టె పెట్టే సీను మా ఆడోళ్ళు సూడాలె."

గంగాకిషన్ బామ్మర్ది దత్తాద్రి గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. వాడికి ఇదేం పట్టలేదు. శనివారం పొద్దున్నే మొదలుపెట్టాడు.

"బావా, ఆ పదో రీలు లేపెయ్. బారు పాట గూడ లేపితే రోజుకొక ఆట ఎక్కువ పడ్తది."

"జమేదారు అడిగితే?"

"రొట్టెలు చేసుడు ఎవడన్నా టికెట్టు కొని సూస్తడా బావా? ఇంట్ల సూస్తలేరా?"

మా దిక్కు రీలు లేపడం, అంటే వెయ్యకుండా దాటెయ్యడం, పాపం కాదు. పండగొస్తే పాటలన్నీ లేపేసి ఆట కలపడం తాతల నాటి అలవాటు. ఆపరేటర్ మొయిన్ కూడా, నాకేంది, జల్ది పోతనన్నాడు. గంగాకిషన్ భూమి తలుచుకున్నాడు, సరేనన్నాడు. తొమ్మిది నుంచి పదకొండుకు దూకాను. నన్నెవడు అడిగాడు?

ఆఖర్న ఇన్‌స్పెక్టరు పిస్తోలు దించి బేడీలు తీయగానే నేల టికెట్టు భగ్గుమంది.

"అరే, గజగజ వణుకుతుండురా!"

"బేడీలేస్తున్నవా, రాఖీ కడ్తున్నవా సారూ?"

సాయంత్రానికి ఊళ్ళో ఏ చాయ్ బండి దగ్గర విన్నా అదే మాట, హీరో పిరికోడని.

ఆదివారం కింద కుర్చీలు సగం ఖాళీ. బాల్కనీ మాత్రం కళకళలాడింది. పోచెట్టి పక్కకు వంగి వంగి, "ఇగ వస్తది సూడుండ్రి" అంటూనే ఉన్నాడు. రాలేదు. బేడీలు పడ్డాయి, కింద ఈలలు, లైట్లు. పోచెట్టి మెట్లెక్కి నా గదికే వచ్చాడు. గంగాకిషన్, దత్తాద్రి అక్కడే ఉన్నారు.

"గంగన్నా, ఆ ఇల్లేది? ఆ రొట్టె పెట్టిన ఆడామె ఏది?"

"రీలు కొంచెం ఖరాబైంది జమేదార్ సాబ్."

మూలన రేకు డబ్బాలో పదో రీలు నిగనిగలాడుతోంది. పోచెట్టి దాన్ని చూశాడు, దత్తాద్రిని చూశాడు.

"మా కానిస్టేబుల్ సాయిలును లారీతోని తొక్కిచ్చి చంపిన్రు, నీకెరికే గద. కేసు నడుస్తున్నది. వాని పెండ్లాం, కాల్చిపారెయ్యిండ్రి వాళ్ళను, కోర్టెందుకని రోజు లొల్లి. ఆమె కోసమే ఇందర్ని తోల్కొచ్చిన. ఇప్పుడేమన్నదో ఎర్కేనా? 'ఈ పోలీసోడు గూడ పైసలు తిన్నట్టున్నది' అన్నది."

గంగాకిషన్ "మొయిన్, పది ఎక్కియ్!" అని అరిచి కిందికి పరుగెత్తాడు. అప్పటికే పోలీసు లైనువాళ్ళ బండి కదిలిపోయింది.

సోమవారం నుంచి పదో రీలు మళ్ళీ ఆడింది. ఖాళీ కుర్చీలకు ఆ ఇల్లాలు రొట్టెలు వడ్డించింది. వారం నిండకుండానే, బుధవారం సినిమా ఎత్తేశారు.

టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు. దత్తాద్రి అక్కడ భోజనాల దగ్గర నిలబడి, ఎవరికి ఏ కూర ఎక్కువ పడుతోందో చూస్తుంటాడట. నాకు మాత్రం నిమ్మళం లేదు. గాలి కొడితే చక్రం కదులుతుంది, తొమ్మిది తర్వాత పది కోసం తడుముకుంటుంది. ఇనుము దుకాణం వాడు తుప్పు చప్పుడనుకుని తిడతాడు.

నాది పోయింది ఒక అద్దం, ఎవడో ఊడబీక్కుపోయాడు. గంగాకిషన్‌ది పోయింది ఎకరం పదిహేడు గుంటలు, బావితో సహా.