బల్ల గుద్దని పావుగంట

మణిశంకర్ గారికి బల్ల గుద్దకుండా మాట్లాడటం చేతకాదు. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ హెడ్డు. నమస్కారానికి కూడా ఒక గుద్దు. ఆ గుద్దు ఇవాళ ఆయన విద్యార్థిని రెబెక్కా పీహెచ్‌డీ మీద పడబోతోంది.

ఆమె పరిశోధనంతా రెండు గాజుపలకల మధ్య ఇరుకులో ఉంది. కంటికి ఆననంత చిన్న ప్లాస్టిక్ గోళీలు నీళ్లలో తేలుతుంటాయి. వాటిని ఆ ఇరుకులో కుక్కి కదపకుండా వదిలేస్తే, చలీ అక్కర్లేదు, ఐసూ అక్కర్లేదు, వాటంతటవే వరుసలు కట్టి స్ఫటికమైపోతాయి. బల్ల అదిరిందా, అంతా చెదిరిపోతుంది. మళ్లీ కట్టాలంటే ఒక పూట పడుతుంది.

ఆమెను పరీక్షించడానికి బయటినుంచి వచ్చిన లలితాంబ గారు ముందే చెప్పేశారు. "ఫొటోలు నాకొద్దమ్మా. కళ్లారా చూస్తేనే సంతకం. సాయంత్రం నాకు రైలుంది." చూపించలేకపోతే మరో ఏడాది ఆగాల్సిందే.

"హెడ్డుగారిని బయట ఉంచలేమా?" అంది పక్క ల్యాబులో పనిచేసే స్నేహితురాలు హారతి.

"గైడు ఆయనే కదే! మైక్రోస్కోపు పక్కనే నిలబడతాడు. చెప్పి చూశాను. 'నేనెప్పుడు గుద్దానమ్మా?' అని గుద్ది మరీ అడిగాడు."

హారతి చిటికె వేసింది. "అయితే సన్మానం చేసేద్దాం."

పదవిలో ఉన్నవాడి చెయ్యి ఆపడానికి మనకు తెలిసిన మార్గం అదొక్కటే, నింపెయ్యడం. ల్యాబు గుమ్మంలోనే మెడలో గజమాల, భుజాల మీద శాలువా. ఒక చేతిలో పూలగుత్తి. ఇంకో చేతిలో పెద్ద జ్ఞాపిక, దానిమీద పూతరేకుల డబ్బా.

"కింద పెట్టకండి సార్, ఫొటోలు తియ్యాలి."

"అబ్బే, ఎందుకు పెడతానమ్మా!"

లలితాంబ గారు మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. గదంతా నిశ్శబ్దం. నిశ్శబ్దం మణిశంకర్ గారికి పడదు.

"మేడం! ఈ స్ఫటికం గురించి నేనొక్క మాట..."

చెయ్యి లేచింది. పూతరేకులు జారబోయాయి. చెయ్యి ఆగింది. దానికి బదులు కుడికాలు లేచింది! నేలను తన్నినా అదే అదురు.

హారతి గభాలున వంగి ఆ కాలిని గాల్లోనే అందుకుంది. మెల్లగా నేలకు ఆనించి, రెండు పాదాలూ గట్టిగా పట్టేసుకుంది.

"ఆశీర్వదించండి సార్!"

"ఇప్పుడేంటమ్మా?"

"ఇప్పుడే ముహూర్తం బావుందండి."

దీవించాలంటే తలమీద చెయ్యి పెట్టాలి. చెయ్యి ఖాళీ లేదు. ఆయన అలాగే నిలబడిపోయారు.

"రెబెక్కా, చల్లబరచకుండానే ఇవెందుకు గడ్డకట్టాయి?" కన్ను తియ్యకుండానే అడిగారు లలితాంబ గారు.

"చోటు కోసమండి. అడ్డదిడ్డంగా ఉంటే ఒకదాన్నొకటి నొక్కేసుకుని ఏదీ మెసలలేదు. వరుసలో ఉంటే ఒక్కోదానికీ కాస్త మెసిలే వీలుంటుంది."

"గాజుగోడ పక్కవే ముందు కట్టాయా?"

"అవునండి, అక్కణ్ణుంచే మొదలు."

"బావుంది. కాగితం ఇలా ఇవ్వు." సంతకం పడింది.

రెబెక్కా వంగి హారతి భుజం తట్టింది. "లేవే, అయిపోయింది."

హారతి మోకాళ్లు దులుపుకుని లేచింది.

"అదేంటమ్మా," అన్నారు మణిశంకర్ గారు, మాలలోంచి తల బయటికి పెట్టి. "నేనింకా ఆశీర్వదించందే!"