బావి నీళ్లలో ఇనుము

వెంకట్రాం పటేల్ మందుల దుకాణం మెట్లెక్కుతుంటే రుక్మిణికి ఒళ్లంతా కారం రాసుకున్నట్టు మండేది. ఆమె మంట అతనికేం తెలుసు? అతని మంట అతనిది. బయ్యారం నుంచి బస్సులో వచ్చి, రొమ్ము కింద చెయ్యి అదుముకుంటూ మానుకోట బజారులో నేరుగా ఇక్కడికే నడిచేవాడు.

"తెల్లగోలీలు ఇయ్యి బిడ్డా. గా మోకాళ్ల నొప్పుల గోలీలు గూడ ఇయ్యి," అనేవాడు.

దుకాణం రుక్మిణి భర్త రామ్మోహన్‌ది. మధ్యాహ్నం ఆయన అన్నానికి పోతే ఆమె కూర్చునేది. కడుపులో మంటకని తెల్లగోలీలు అడిగిన ప్రతివాడికీ ఆయన చెప్పే మాటలు ఆమెకు కంఠతా వచ్చు. నొప్పుల గోలీలు పరగడుపున మింగితే కడుపులో పుండు పడవచ్చు. తెల్లగోలీ మంటను చల్లారుస్తుంది గాని, లోపలి పుండు సంగతి దానికి పట్టదు. రెండు వారాలు వాడినా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. దొడ్డికి తారులాగా నల్లగా పోతే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు, లోపల నెత్తురు కారుతున్నట్టే.

ఈ మాటలు ఆమె అందరికీ చెప్పేది. వెంకట్రాంకు మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెబుతుంది? అరవై తొమ్మిదిలో ఆమె తమ్ముడు ఉపేందర్ కాలేజీ వదిలేసి, జై తెలంగాణ అంటూ ఊళ్లు పట్టుకు తిరిగాడు. పోలీసులు వెంటపడితే లింగాల ఘనపూర్‌లోని సొంతింటికి రాలేక, బయ్యారంలో వెంకట్రాం పశువుల కొట్టంలో దాక్కున్నాడు. అక్కడ పనిచేసే సాలమ్మ చూసింది. ఎవరితోనూ అనకుండా ఇంత జొన్న గటక తెచ్చి పెట్టింది. తరువాత వెంకట్రాం చూశాడు. పోలీసులను పిలిపించి, దగ్గరుండి పట్టించాడు. వాళ్లు కడుపు మీద బూట్లతో తన్ని వదిలేశారు. ఇల్లు చేరిన పిల్లవాడు నెత్తురు కక్కుకుంటూ అక్క ఒడిలోనే పోయాడు. పోయేముందు ఇద్దరి పేర్లు చెప్పాడు, పట్టించినవాడిదీ, తిండి పెట్టినామెదీ. తరువాత రుక్మిణి పెళ్లయి మానుకోటకు వచ్చింది. ఆమె ఎవరి అక్కో వెంకట్రాంకు తెలియదు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒకనాడు అతను గొంతు తగ్గించి అన్నాడు. "బిడ్డా, నాకు నల్లగ పోతున్నది. మా బాయి నీళ్లల్ల ఇనుము ఉంటది గద, గందుకే అయ్యుంటదా?"

బయ్యారంలో ఎక్కడ తవ్వినా ఇనుపరాయే. బిందెల అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. పళ్లు గారపట్టినా, జుట్టు ఊడినా అక్కడివాళ్లు తప్పును ఆ బావి మీదే తోసేస్తారు.

రుక్మిణి గుండె ఝల్లుమంది, సంతోషంతోనే. దేవుడున్నాడు అనుకుంది.

"అవు పటేలా, ఇనుమే. నువ్వు ఫికర్ జెయ్యకు," అంది. తెల్లగోలీలు ఇంకో షీటు ఎక్కువే చేతిలో పెట్టింది.

అప్పటినుంచి అతను వచ్చినప్పుడల్లా మొహం ఇంకాస్త పాలిపోయి ఉండేది. రుక్మిణి కళ్లారా చూసుకునేది. ఆ రోజుల్లో ఆమె కడుపునిండా తిన్నది, హాయిగా నిద్రపోయింది.

వానలు మొదలైనాక ఒక మధ్యాహ్నం ఓ ముసలామె వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"తెల్లగోలీలు గావాలె బిడ్డా. మాది బయ్యారం. వెంకట్రాం పటేలు ఇంట్ల పనిజేస్త. నడుము నొప్పికి ఆయన మింగే గోలీలే నాకూ ఇస్తుండు. కడుపు మండితే తెల్లయి గూడ ఇస్తుండు. నల్లగ పోతున్నదంటే, గది బాయి ఇనుము, దుకాణపామె చెప్పింది అన్నడు. నాకేమో కండ్లు తిరుగుతున్నయి."

"నీ పేరేందవ్వా?" అని అడిగింది రుక్మిణి.

"సాలమ్మ."

రుక్మిణి ఆమె కింది రెప్ప లాగి చూసింది. దూదిలా తెల్లగా ఉంది. పటేల్ కోసం ఆడిన అబద్ధం పోయి పోయి తమ్ముడికి తిండి పెట్టిన చేతిని పట్టుకుంది! తనను తాను తిట్టుకుంటూ దుకాణం మూసింది. జీపు మాట్లాడి సాలమ్మను వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. నెత్తురు ఎక్కించారు, ప్రాణం దక్కింది.

మంచం పక్కన కూర్చుని రుక్మిణి అంతా చెప్పేసింది. సాలమ్మ మోచేతి మీద లేచి ఆమె మొహంలోకి చూసింది.

"ఆ పోరని అక్కవా నువ్వు!" అంది. "పాపపుదానా, పటేలుది గూడ నా రోగమే గద. కబురు పంపు."

సాలమ్మ కొడుకు బిక్షం గుమ్మంలో ఉన్నాడు. రుక్మిణి బయటికి వచ్చి అతనితో అంది. "తమ్మీ, పోయి పటేలుకు చెప్పు. గది ఇనుము కాదు, నెత్తురు. గోలీలు బంద్ జేసి ఇయ్యాల్నే దవాఖానకు రమ్మను. ఊర్ల నల్లగ పోయేటోళ్లు ఇంకెవలున్నా గిదే చెప్పు."

బిక్షం నాలుగడుగులు వేశాడు. డాక్టరు చెప్పిండంటే చాలు, వెంకట్రాం వెంటనే బస్సెక్కుతాడు. ఆ సంగతి రుక్మిణికి బాగా తెలుసు.

"ఆగు బిక్షం," అంది. "చెప్పింది నేనని చెప్పు. నీ కొట్టంల దొరికిన ఉపేందర్‌కు అక్కను అని చెప్పు. మర్చిపోకు."

మరునాడు బిక్షం ఒక్కడే తిరిగి వచ్చాడు. "రానన్నడక్కా. నీ పేరు, ఉపేందర్ పేరు చెప్పంగనే మొకం మాడింది. దవాఖానల నన్ను సంపిచ్చెతందుకు పిలుస్తున్నదిరా, మొదలు చెప్పిందే నిజం, గది ఇనుమే అన్నడు. నా ముందల్నే రెండు తెల్లగోలీలు నమిలిండు."

దసరా రాకముందే వెంకట్రాం నెత్తురు కక్కుకుని పోయాడు. వార్త దుకాణానికి వచ్చినప్పుడు రుక్మిణి ఎవరికో తెల్లగోలీలు ఇస్తూ, రెండు వారాల సంగతీ నల్లగా పోయే సంగతీ విడమరిచి చెబుతోంది. ఆ మనిషి వెళ్లేదాకా రామ్మోహన్ ఆగాడు.

"నువ్వైతే కబురు పంపినవు, నిజమే చెప్పినవు," అన్నాడు. "ఇంక నీ తప్పేమున్నది?"

"నిజమే చెప్పిన," అంది రుక్మిణి. "నా పేరు పెట్టి చెప్పిన."