నూట తొంభై రెండు సెకన్లు

గురువారం బిష్కెక్ నుంచి కమిషన్ కొండెక్కి వస్తుంది. ఇక్కడి శాస్త్రవేత్త టొలొగొన్ బైకే తన రుజువు చూపిస్తే, సూర్యుణ్ణి పరిశీలించే మా సౌరకేంద్రం ఉంటుంది. లేకపోతే మూసేస్తారు. నేను ఇక్కడ మెకానిక్‌ని, పేరు కుబాత్. ఆయన్ని బైకే అంటాం, అంటే అన్న.

సూర్యుడి ఉపరితలం ఆరువేల డిగ్రీలు. దానిపైన ఉండే పలచటి పొర పది లక్షలు దాటుతుంది. పొయ్యికి దూరం జరిగేకొద్దీ ఎక్కువ కాలినట్టు. అలాంటి నక్షత్రాలన్నిటికీ ఇంతే. అయస్కాంత రేఖల వెంట పాకే అలలే ఆ వేడిని పైకి మోస్తాయని బైకే పందొమ్మిదేళ్ళుగా చెబుతున్నాడు. ఆయన రుజువు ఒకటే: ఆ పొర వెలుగును రంగులుగా విడగొడితే కనిపించే ఆకుపచ్చ గీత రెండువందల నలభై సెకన్లకోసారి అటూ ఇటూ ఊగుతుంది.

సోమవారం పొద్దున, చలికాలం తర్వాత మొదటిసారి, నేను దూరదర్శిని కటకం తుడిచాను. ఆయన దగ్గర పనిచేసే నూర్జాత్ రెండు గంటలు రికార్డు చేసి లెక్క కట్టింది.

“బైకే, ఇది నూట తొంభై రెండు వస్తోంది.”

“కళ్ళజోడు తుడుచుకో అమ్మాయ్.”

“మూడుసార్లు చేశాను. మీ సూర్యుడికి తొందరెక్కువైనట్టుంది.”

బైకే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మంచు పడేముందు, దూరదర్శినిని సూర్యుడి వెంట తిప్పే గేరు అరిగిపోతే మార్చాను. పాతదానికి మూడువందల అరవై పళ్ళు. కొత్తదానికి నాలుగువందల యాభై. గేరు రోజుకొక చుట్టు తిరుగుతుంది. దాన్ని తోసే మరలున్న కడ్డీ తాను తిరిగే చుట్టుకొక పన్ను జరుపుతుంది. ఒక పన్నుకు నూట తొంభై రెండు సెకన్లు.

ఆ మాట చెప్పాను. పాత గేరు లెక్క బైకే తనే కట్టుకున్నాడు. రెండువందల నలభై. ఊగింది గీత కాదు, మా కడ్డీ.

“పదకొండేళ్ళ కిందట అడిగాను కదరా, కడ్డీ ఊగుతోందా అని.”

“వెంట్రుకవాసి కూడా లేదన్నాను.”

“కొలిచావా?”

“లేదు బైకే.”

“నేనూ కొలవమనలేదులే. నువ్వు లేదంటే చాలనిపించింది.”

“అలలు లేవని కాదుగా,” అంది నూర్జాత్. “మనకు కనబడలేదంతే.”

“అదే చెప్పు కమిషన్‌కి,” అన్నాడు బైకే. “పందొమ్మిదేళ్ళు చూశాం, ఏమీ కనబడలేదని.”

“పాత రికార్డులే చూపిద్దాం,” అన్నాను. “గేరు సంగతి వాళ్ళకేం తెలుసు?”

“నాకు తెలుసుగా.”

గురువారం ఆయన పాత గేరును బల్లమీద పెట్టి నాలుగు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు నూనెలో వేయించిన బోర్‌సోక్ ముక్కలు తిన్నారు, టీ తాగారు. అలల గురించి ఎవరూ ఏమీ అడగలేదు. లేవబోతూ ఒకాయన నావైపు తిరిగి, దూరదర్శిని విప్పడానికి ఎన్నిరోజులు పడుతుందన్నాడు.

రెండన్నాను.