నురగ కింద ఏముంది

పెకోస్ ఊరికి దక్షిణాన ఆ రెండు చమురు బావుల దగ్గర పొద్దున్నించీ ఒకటే హడావిడి. రాతిని పగలగొట్టడానికి లోపలికి కొట్టిన నీళ్లు మూడు రోజులుగా వెనక్కి వచ్చి, బావికొకటి చొప్పున పెట్టిన తొట్టెల్లో పడుతున్నాయి. రాకపోతే అవే పగుళ్లలో తిష్ఠ వేసుకుని చమురుకు దారివ్వవు. అందుకే ఆ నీళ్లలో సబ్బు కలుపుతారు. మొదటి బావిలో పాత సబ్బు వేశారు. రెండోదానిలో వేసింది లొరేనా ఎనిమిది నెలలు ల్యాబులో కూర్చుని చేసిన సబ్బు. మధ్యాహ్నానికి ఏ తొట్టెలో నీళ్లెక్కువుంటే మిగతా ఆరు బావులకూ ఆ సబ్బేనని సైటు పెద్ద డ్వేన్ ఖరాఖండిగా చెప్పేశాడు. ఓడితే తన సీసా మూత మళ్లీ ఎవరూ తీయరని లొరేనాకు తెలుసు.

ముప్పై ఏళ్లుగా తొట్టెలు కొలుస్తున్న యూసెబియో నిచ్చెనెక్కి రెండిటిలోనూ టేపు దించాడు. పాతది ఆరడుగులు, లొరేనాది ఎనిమిది. డ్వేన్ అప్పుడే ఫోను తీసి సబ్బుకు ఆర్డరు చెప్పేస్తున్నాడు.

కళ్లారా చూసుకుందామని లొరేనా కూడా పైకెక్కింది. చూస్తే ఏముంది, తొట్టె నిండా తెల్లటి నురగ. పక్క తొట్టెలో చుక్క నురగ లేదు. నురగ కూడా కొలతలో కలిసిపోయింది. నోరు మూసుకుంటే గెలుపు తనదే. కానీ సబ్బు నిజంగా పనిచేసిందో లేదో ఇక తనకే ఎప్పటికీ తెలియదు. అది మాత్రం ఆమె భరించలేకపోయింది.

"బాబాయ్, నురగ చంపే మందు అందుకో. నువ్వు కొలిచింది నీళ్లని కాదు."

"గెలిచి కూర్చున్నదానివి, ఇప్పుడెందుకే గోక్కుంటావ్? నా ముప్పై ఏళ్ల సర్వీసూ ఏట్లో కలిపావు కదే," అని గొణుగుతూనే యూసెబియో క్యాను అందించాడు.

మందు పడగానే నురగ బుస్సుమంటూ కిందికి దిగిపోయింది. ఈలోగా డ్వేన్ కూడా పైకొచ్చాడు. మళ్లీ టేపు దించితే అయిదడుగుల పది అంగుళాలు. రెండంగుళాలు తక్కువ. లొరేనా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాటంటే మాటేనని డ్వేన్ మెల్లిగా అని, దిగబోయాడు.

యూసెబియో మాత్రం తొట్టెలోకి వంగి అలాగే ఉండిపోయాడు. తేటపడిన నీళ్ల మీద అక్కడక్కడా నల్లటి తెట్టు తేలుతోంది. గొట్టం మూతి దగ్గర నీళ్లతోపాటు గోధుమరంగు చారలు వచ్చి పడుతున్నాయి. వేలు ముంచి వాసన చూస్తే చమురే. ఇందాక టేపు పైకి లాగినప్పుడు దానికంటిన జిడ్డునంతా నురగే కడిగేసింది, అందుకే కనపడలేదన్నమాట.

అది చూసి డ్వేన్ ఒక్క ఉదుటున దిగి పక్క తొట్టె ఎక్కాడు. అక్కడ ఉత్త నీళ్లే. ఈ చుట్టుపక్కల పదో రోజుకు గానీ చమురు కనపడదు, ఇక్కడ మూడో రోజే పొంగుతోంది. అతను ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

"ఆరు బావులకీ నీదే."

"నీళ్లు తక్కువొచ్చాయి కద సార్," అంది లొరేనా.

"మనం తవ్వింది నీళ్ల కోసమా తల్లీ?"