మనుషుల్లేని దీవిలో అరవై కుటుంబాలు

తెనాలిలో బీయస్సీ జియాలజీ చదివే మనీషాకు అండమాన్ టూరు నుంచి వచ్చినప్పటి నుంచీ తోటివాళ్లంటే రోత పుట్టింది. అగ్నిపర్వతం చూడ్డానికి వెళ్లినవాళ్లలో సగంమంది పడవ అంచున వాంతులు చేసుకున్నారు. మిగతా సగం పులిహోర తిని, పొట్లాల కాగితాలు సముద్రంలోకి విసిరారు. బారెన్ దీవి మీద కాలు పెట్టనివ్వరు, పడవలో చుట్టూ తిప్పుతారంతే. ఆ కాసేపట్లోనే మనీషా కళ్లు పత్తికాయలు చేసుకుని చూసింది. గడ్డకట్టిన నల్లటి లావా, కొండ నెత్తిన పొగ, రాళ్ల మీద గెంతే అడవి మేకలు. మనిషన్నవాడు లేడు.

అందుకే టూరు రికార్డులో 'మానవ నివాసం' అధ్యాయం కింద ఒక్క వాక్యమే రాసింది: ఈ దీవిలో ఎవరూ నివసించరు.

మిగతా ముప్పై నలుగురూ పన్నెండేసి పేజీలు రాశారు. సీనియర్ల రికార్డు చూసి దించెయ్యడం ఆ కాలేజీ ఆచారం. కిందటేడు సీనియర్లు వెళ్లింది జనం కాపురముండే హేవ్‌లాక్ దీవికి. ఆ సంగతి ఒక్కరికీ పట్టలేదు. దీవి పేరు మార్చి అక్కడి ఓ ఊళ్లోని అరవై కుటుంబాలనూ, వక్కతోటలనూ అలాగే దించేశారు. నిప్పులు కక్కే కొండ పక్కన ప్రాథమిక పాఠశాల కూడా కట్టేశారు మహానుభావులు!

"ఎంగిలి కూడు తిన్నట్టు లేదటే మీకు?" అని స్నేహితురాలు షబానాను కడిగేసింది మనీషా.

లెక్చరర్ బసవేశ్వరరావు ఆమె రికార్డు తిరగేసి మూతి ముడిచాడు.

"ఏంటమ్మా, ఇంత చాప్టరూ ఒక్క ముక్కలో తేల్చేశావు?"

"అక్కడ మనుషుల్లేరండి. మీరూ చూశారు గదా సార్."

"నేనెక్కడ చూశానమ్మా, కడుపులో తిప్పి పడుకుంటిని. ఎగ్జామినరు పేజీలు చూస్తాడు గానీ దీవి చూస్తాడా? అందరిలాగే రాసుకురా, సంతకం పెడతా."

సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కు కూర్చోనివ్వరు. కూర్చోకపోతే ఏడాది గంగలో కలిసినట్టే. రెండు రోజులు మొండికేసి, మూడోనాడు షబానా రికార్డు అడిగి తీసుకుంది. షబానా అట్ట దులిపి మరీ చేతికిచ్చింది. మనీషాకు అదింకా చిన్నతనంగా ఉంది.

ఆదివారం సొంతూరు రేపల్లెలో చర్చి నుంచి ఇంటికి రాగానే కూర్చుని పన్నెండు పేజీలూ దించింది. అబద్ధాన్నయినా వంకర అక్షరాలతో రాయడం ఆమెకు చేతకాదు. ఒక్కో కుటుంబాన్ని దీవిలో దింపుతుంటే తన చేతి మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం బసవేశ్వరరావు సంతకం పెట్టి, మనీషా రికార్డు ఎత్తి క్లాసంతటికీ చూపించాడు.

"రికార్డంటే ఇట్టా ఉండాలి! ఇది డిపార్టుమెంటులో ఉంచుతున్నా. ఇకనుంచి జూనియర్లు దీన్ని చూసే రాస్తారు."

అట్ట మీద తన పేరు ముత్యాల్లాంటి అక్షరాల్లో కనిపిస్తోంది. మనీషా లేచి నిలబడింది.

"నా పేరు తీసెయ్యండి సార్," అంది.

"అదేం మాటమ్మా! కష్టపడి రాసింది నువ్వేగా," అని ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.